వామిలో పదకొండు సీసాలు

బొల్లాపల్లి అవతల ఒక పోలీస్ స్టేషన్. సాయంత్రం అయిదు కావస్తోంది. ఎస్సై స్టీఫెన్ బల్ల మీద మూడు సీసాలు. బల్లకు ఇవతల నవీన్, అతని భార్య సింధు.

"బాంబులేనండీ ఎస్సై గారూ. పదకొండు. రాసుకోండి."

"బాంబులు కాదండీ, వైను. పదకొండు సీసాలు."

"నువ్వు నోర్ముయ్యవే. మగాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో సీసాలేంది?"

"మధ్యలో కాదు, మొదట వచ్చినయ్యే సీసాలు. మగాళ్ళు తర్వాత వచ్చారు."

"ఇద్దరూ ఆగండి. నవీన్, నా సర్వీసులో బాంబులు నావి కాదు మొర్రో అన్నోళ్ళనే చూశా. నావే, రాసుకోండి అన్నోణ్ణి నిన్నే చూస్తున్నా. పేలుడు పదార్థాల కేసంటే బెయిలు కూడా అంత తేలిగ్గా రాదు. తెలుసా?"

"తెలుసు. మా నాన్న మీద మూడుండయ్."

"వర్ధంతి ఫ్లెక్సీలో కూడా వేయించారండీ, మూడు కేసుల వీరుడని."

"సింధూ."

"ఊరుకున్నా."

"మీరు ఊరుకోవద్దమ్మా, చెప్పండి. నిన్న మధ్యాహ్నం ఏం జరిగింది?"

"ఒంటిగంటన్నరకి మా ద్రాక్ష పందిరి పక్కన గడ్డివామిలో ఒక సీసా పేలింది, ఎండకి. దాని అదురుకి పక్కది. దాని అదురుకి ఇంకోటి. నేను వంటింట్లో పెరుగన్నం కలుపుతున్నా. పదకొండు లెక్కపెట్టా."

"బయటికి రాకుండా లెక్కపెట్టారా?"

"పోయేవి ఎట్టాగూ పోతున్నయ్. ఎన్నో అన్నా తెలియాలి కదండీ."

"తర్వాత?"

"రోడ్డవతల వెంకట్రామయ్య బాబాయి మనుషులు..."

"వాణ్ణి బాబాయి అంటావేందే?"

"వరసకి బాబాయే కదండీ. కొట్టుకున్నంత మాత్రాన వరస మారదు. వాళ్ళేమో, నవీన్ బాంబులు పేల్చి చూసుకుంటున్నాడు, ఇక మనమీద పడతాడు అనుకున్నారు. వేటకొడవళ్ళు పట్టుకుని వాళ్ళే ముందొచ్చారు. మా మరిది తరుణ్ దొడ్లో బండి తుడుచుకుంటున్నాడు. నెత్తి మీదికి వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్ళు పోయినయ్."

"కుడిచేతివి సార్. చూపుడువేలు, మధ్యవేలు. ఒకటి దొరికితే ఐసు డబ్బాలో పెట్టుకుని నరసరావుపేట తీసుకెళ్ళా. అతకదన్నారు."

"రెండోది?"

"కోళ్ళు తిరిగే దొడ్డి సార్ అది."

"మావాళ్ళేమన్నా ఊరుకున్నారాండీ? పది నిమిషాల్లో వాళ్ళ ట్రాక్టరు తగలబెట్టారు. డ్రైవరు జమాల్ దిగి పారిపోతుంటే గడ్డపారతో నెత్తి మీద ఒకటేశారు. ఇరవై మూడు కుట్లు. ఇంకా కళ్ళు తెరవలా. అతనికి మా గొడవేందో కూడా తెలవదు, పనిలో చేరి నెల కాలా. ఇప్పుడు ఇద్దరూ ఒకటే ఆస్పత్రి, ఒకటే వార్డు. మధ్యలో తెర కట్టారు."

"మరి ఈ రోజు ఆరింటికి ఏంది?"

"ఆరింటికి ఏం లేదు సార్."

"పత్తి గోడౌన్లో నలభై మంది కూర్చోనుండారండీ. పొద్దుటి నుంచి బిర్యానీ తింటా కత్తులు నూరుకుంటన్నారు. ఈయన వెళ్ళి లెమ్మంటే లేస్తారు. అటు కూడా అంతే మంది. మీరు ఈయన్ని పిలిపించారని తెలిసి నేను వెనకాలే వచ్చింది అందుకే. ఆరులోపల మీరు మైకు పట్టుకుని, అవి బాంబులు కాదయ్యా, సీసాలు అని రెండు వైపులా చెప్పండి. ఇంకో తల పగలకుండా ఉంటే చాలు. నేనడిగేది అంతే."

"చెప్పి? నా తమ్ముడి వేళ్ళు ద్రాక్షరసం కోసం పోయినయ్యని మాచర్ల దాకా నవ్వుకోవాలా?"

"బాంబు కోసం పోయినయ్యంటే మళ్ళీ మొలుస్తయ్యా?"

"మొలవవు. పరువన్నా ఉంటది."

"నవీన్, క్లూస్ టీమోళ్ళు వామంతా పీకి చూశారు. పచ్చ గాజు పెంకులు దొరికినయ్."

"బాంబులో గాజు పెంకులు వేస్తారు సార్. దిగబడాలని."

"గడ్డంతా ఊదారంగు మరకలు."

"అదీ... ఈ మధ్య వేస్తన్నారు."

"చీమలు పట్టినయ్ నవీన్. బాంబుకి చీమలు పట్టడం నేనెక్కడా చూళ్ళా."

"అందుకే మిగిలిన మూడు సీసాలు తెచ్చానండీ. మీరు ఇంతకుముందు ఎక్సైజులో చేశారంట కదా."

"కానిస్టేబులుగా నాలుగేళ్ళు. నాటుసారా వాసన చూసి ఏ వాగు పక్కన కాచిందో చెప్పేవాణ్ణి."

"మరింకేం? చూడండి."

"డ్యూటీలో తాగకూడదమ్మా."

"తాగొద్దు, పరీక్ష చెయ్యండి. గ్లాసు కూడా తెచ్చా. కడిగిందే."

"... ఇదేంది?"

"నల్లద్రాక్ష. మా పందిరిదే. పోయిన మార్చిలో పెట్టా."

"ఊ... వైనే. బాంబు కాదు. కొంచెం తీపి ఎక్కువైంది. సీసా మెడకి ఈ చీటీ ఏంది? 'రంగు ఏడు. వాసన ఆరు. రుచి నాలుగు. మరీ తియ్యగా తగలబడింది, పిల్లల దగ్గుకి వాడుకో.' ఎవరు రాశారిది?"

"రుచి చూసినోళ్ళు."

"అదే, ఎవరు?"

"రెండోది చూడండి ముందు. నేరేడు."

"ఇదీ చీటీయే. 'వాసన తొమ్మిది. రుచి ఎనిమిది. మింగాక వగరు నాలిక మీద చానాసేపు నిలబడింది. ఆయన తిడుతున్నా దాని మీదే ధ్యాస.' ... ఊ. ఊహూ. ఎనిమిది తక్కువమ్మా. నేనైతే తొమ్మిదేస్తా."

"సార్, నా తమ్ముడి వేళ్ళు తెగితే మీరు మార్కులేస్తన్నారా?"

"సాక్ష్యం నవీన్, సాక్ష్యం. ఇంకొక్క గుటక. నాసిక్ అంటారు, బెంగుళూరు పక్క కొండలంటారు. బొల్లాపల్లి ఎర్రమట్టిలో ఇట్టాంటిది ఒకటి వస్తదని లోకంలో ఎవడికన్నా తెలుసా?"

"తెలిస్తే మీరొస్తారని ఎవరికీ చెప్పలేదండీ."

"మూడోదాని చీటీ మీద చేతిరాత వేరేగా ఉందే."

"అది నా రాత. ఆ సీసా నాది కాదు, నేను మార్కులేసింది."

"'రంగు తొమ్మిది. రుచి అయిదు. ఇంకా పులుస్తోంది. బిరడా బిగించొద్దు, రెండు వారాలు ఆగు. లేకపోతే పేలుద్ది.'"

"చెప్పా. వినలా. తొందర మనిషి."

"ఎవరమ్మా ఈ తొందర మనిషి?"

"రుచిత."

"ఏ రుచితే?"

"మీకు తెలిసిన రుచితేనండీ. వెంకట్రామయ్య బాబాయి కోడలు. నరసరావుపేటలో మూడేళ్ళు నా పక్క బెంచీ. కెమిస్ట్రీ."

"నువ్వు... నా ఇంట్లో తింటా... వాళ్ళింటి దానితో..."

"చెయ్యి దించు నవీన్. నా బల్ల ముందు ఎత్తావంటే అవతల గదిలో ఉంటావు."

"ఇంట్లో అలవాటైన చెయ్యండీ. చోటు మారిందని మర్చిపోయింది."

"కూర్చో. కూర్చోమన్నానా? అమ్మా, ఊరికి ఆ మొదట ఈ చివర పికెట్ పెట్టాం. మీ రెండిళ్ళ మధ్య పాలచెంబు కూడా నడవదు. సీసాలు ఎట్టా నడిచినయ్?"

"జాకెట్ల సంచిలో. టైలరు కొండమ్మ కొట్లో తను పెట్టిపోతే నేను తెచ్చుకుంటా, నేను పెట్టిపోతే తను. మీ కానిస్టేబుళ్ళు టిఫిను క్యారేజీలు విప్పారు, సైకిలు సీట్లు పీకారు. జాకెట్ల సంచి జోలికి ఒక్కడూ రాలా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు. ఎలక్షన్లప్పుడు కూడా ఆపలా. పోలింగు రోజు మీ లాఠీచార్జి అవుతుంటే మేం దానిమ్మ రుచి చూశాం. దానికి ఇద్దరం మూడే వేశాం."

"అయితే నిన్న వామిలో పేలిన పదకొండూ?"

"రుచితవి. వాళ్ళ మామకి ముక్కు ఎక్కువ, ఇంట్లో దాచడం కుదరదు. గడ్డిలో చల్లగా ఉంటయ్యని నేనే పెట్టా. బిరడా వదులు చేద్దామనుకుంటానే రెండు రోజులు గడిచిపోయినయ్. చుట్టాలొచ్చారు."

"ఆగండాగండి. అంటే నా వామిలో పేలింది వెంకట్రామయ్య ఇంటి సరుకు. అంతే కదా? సార్, రాసుకోండి. అవతలి వర్గం వాళ్ళు మా వామిలో పెట్టించిన సరుకు."

"వెంకట్రామయ్య కోడలు చేసిన వైనుకి వెంకట్రామయ్య మనుషులే జడుసుకుని, నీ తమ్ముడి చెయ్యి నరికి, ఆ కోపానికి నువ్వు ఏ పాపం ఎరగని డ్రైవరు తల పగలగొట్టించావు. ఇది ఏ సెక్షన్లో రాయనో నువ్వే చెప్పు. అమ్మా, పేలుడు కేసు కొట్టేస్తా. కానీ లైసెన్సు లేకుండా వైను చేసినందుకు ఎక్సైజు కేసు మీ మీద పడుద్ది. ఒప్పుకుంటారా?"

"దానికేగా వచ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలి?"

"ఇక్కడ. కిందొకటి. రుచిత పేరు కూడా..."

"వద్దండీ. రుచిత ఆ ఇంట్లో బతకాలి. అన్నీ నేనే చేశానని రాయండి. చీటీలు కూడా నేనే రాసుకున్నా. నాకు నేనే నాలుగేసుకున్నా."

"సరే. జీపుకి మైకు కట్టిస్తా. ముందు గోడౌనుకి, అట్నించి వెంకట్రామయ్య వాకిట్లోకి. మీరిక్కడే ఉండండి. నవీన్, నువ్వు కూడా. గడప దాటావంటే నేరేడు గీరేడు అని చూడను."

"ఎస్సై వెళ్ళాడా?"

"వెళ్ళాడు. జీపు దగ్గర ఎవర్నో తిడుతున్నాడు."

"మైకు వినేదెవడే? సీసా పేలితే ఏంది, బాంబు పేలితే ఏంది, తెగింది తరుణ్ చెయ్యి. వాడు పొద్దున ఎడంచేత్తో ఇడ్లీ తినలేక ఏడిచాడు, చూశావా నువ్వు?"

"నేనే తినిపించా."

"మరి? ఆరింటికి లేవాల్సిందే. నేను లేకపోయినా లేస్తారు. ధాన్యం గదిలో నుంచి సరుకు తీసుకుపొమ్మని చెప్పే వచ్చా."

"రెండు బకెట్ల నాటుబాంబులు. రంపప్పొట్టు పోసి, గోనెపట్టా కప్పి."

"నీకెవరు చెప్పారు?"

"నా ఇంట్లో ధాన్యం గది నాకొకరు చెప్పాలా? మీరు తాళంచెవి మొలతాడుకి కట్టుకుని పడుకుంటారు. పడుకుంటే లారీ పోయినా లేవరు."

"ఏం చేశావే?"

"తెల్లారుజామున మినపప్పు నానబోశా. అదే చేత్తో అవి కూడా నానబోశా. అంచుల దాకా నీళ్ళు. మీవాళ్ళు తీసుకుపోతే పోనీండి, జావ విసురుకుంటారు."

"నా కొంప ముంచావు కదే. వాళ్ళ దగ్గర ఉండయ్యే. మావాళ్ళు ఒట్టి చేతుల్తో పోతే ఒక్కడు తిరిగిరాడు."

"వాళ్ళవి కూడా నానతయ్. రుచిత మాటిచ్చింది. పొద్దున ఫోన్లో అనుకున్నాం."

"వాళ్ళింటినిండా మనుషులు, ఎట్టా?"

"అయిదింటికి మామా మొగుడూ జమాల్‌ని చూడటానికి పేట ఆస్పత్రికి పోతున్నారు. మనుషులంతా చావిట్లో ఉంటారు. ఇంట్లో రుచిత ఒక్కతే. నిచ్చెనేసి దించి..."

"దించడమేంది? ఎక్కడుండయ్ వాళ్ళవి?"

"అటక మీద."

"అటక మీదా?"

"ఏందండీ?"

"ఎప్పటియ్యి అవి?"

"ఏమో. తను కాపురానికొచ్చినప్పటి నుంచీ చూస్తుందంట. ఎండకి ఎండి, పైన చుట్టిన తాళ్ళు కూడా ఊడినయ్యంది."

"సింధూ, ఫోను చెయ్యి."

"ఎందుకు?"

"ఎందుకేంది, ముట్టుకోవద్దని చెప్పు. అవి దుమ్ము దులిపినా... చెయ్యవే ముందు. నీ ఫోనేది?"

"మన ఫోన్లు వాకిట్లోనే తీసుకున్నారు కదండీ, సెంట్రీ దగ్గరుండయ్. టైమెంత?"

"అయిదుంబావు. పిలువు, ఆ సెంట్రీని పిలువు. ఒరేయ్, ఎవడ్రా బయట..."

"కూర్చో నవీన్, కూర్చో, ఎందుకు లేస్తావు? అమ్మా, మీ పని సగం అయిపోయినట్టే. పికెట్ కానిస్టేబులు ఇప్పుడే ఫోను చేశాడు. వెంకట్రామయ్య ఇంటి లోపల ఢామ్మని ఒకటే పేలుడంట, వాడు వణికిపోతన్నాడు. నేను నవ్వి, వైనురా నాయనా, లోపలికి పోవద్దు, కాళ్ళకి గాజు పెంకులు గుచ్చుకుంటయ్, అందర్నీ అవతలే ఆపు అని చెప్పా. మీ స్నేహితురాలు ఈసారి కూడా బిరడా ముందే బిగించిందమ్మా."

"వాళ్ళింట్లో ఒక్క సీసా కూడా లేదండీ."