అమ్మ కింది పెదవి

“ఇంకొక్క కార్డు అడగనా?”

“వద్దమ్మా.”

“ఒక్కటే. ఇంకా ఇరవై నిమిషాలుంది కదా.”

చెస్ పోటీలు జరిగే హాలు బయట, మెట్ల మీద, తల్లీ పదమూడేళ్ళ కూతురూ కూర్చుని ఉన్నారు. ఇద్దరి మధ్యా మడత బోర్డు, రబ్బరు బ్యాండు వేసిన చెస్ పజిల్ కార్డుల కట్ట. పొద్దుటి నుంచి కూతురు వరసగా మూడు ఆటలు ఓడింది.

“ఇంటికెళ్ళిపోదాం. నాలుగో ఆటకి రానని చెప్పేసి రా.”

“కారణం అడిగితే ఏం చెప్పనే? జ్వరమా? నుదురు చూడనీ.”

“జ్వరం లేదు.”

“మరి కడుపునొప్పా? ఆ బన్ను వాసనొస్తోంది, తినొద్దంటే విన్నావా?”

“ఏమీ లేదమ్మా. అలిసిపోయాను. ఇంక మానేస్తాను.”

“ఇవాళ్టికా?”

“ఎప్పటికీ.”

“అలా అనకు. మీ మాస్టారు ఏమన్నారు? ఓపెనింగులో మొదటి పది ఎత్తులూ ఎక్కాల్లా బట్టీ పడితే లాభం లేదు, ఆ పదిలో ఎదుటివాళ్ళు ఎక్కడ కాలు జారతారో, జారితే ఎలా కొట్టాలో పజిల్‌గా చెయ్యాలి అన్నారు. అలాగే చేస్తున్నాం కదా. ఇంట్లో నలభై కార్డులు అడిగితే ముప్పై ఎనిమిది చెప్తావు. ఇక్కడికొచ్చేసరికి ఏమవుతోంది? ఎవరైనా బెదిరిస్తున్నారా?”

“లేదు.”

“ఇందాక నీతో ఆడిన ఆ కళ్ళజోడు పిల్ల బల్లకింద నీ కాలు తొక్కిందా?”

“అమ్మా!”

“నాకు అన్నీ అనుమానాలే, ఏం చెయ్యను. ఇదిగో, కార్డు మీద బొమ్మలో ఉన్నట్టే పేర్చేశా. తెల్లపావులది ఎత్తు. నా మెడ పట్టేసింది, ఇలా గోడవైపు తిరిగి కూర్చుంటా. నువ్వు చెప్పు.”

“ఒంటె.”

“ఎక్కడికి?”

“వెనక్కి.”

“కాదే. గుర్రం అని ఉంది.”

“గుర్రం కదిలితే వెనకున్న మంత్రి పోతుందిగా.”

“పోనీమంటోంది కార్డు. మంత్రిని తింటే ఆ తర్వాత రెండు ఎత్తుల్లో వాళ్ళ రాజు చస్తాడట. మొన్న ఇదే కార్డుకి ఇట్టే చెప్పావు కదే! సరే, ఇంకోటి. ఉండు, పేర్చనీ... ఊఁ, చెప్పు.”

“ఏనుగు.”

“ఒంటె.”

“ఛ, అదీ తప్పేనా!”

“ఇంకోటి. ఇది తేలికైంది, బాగా పాతది.”

“బంటు. కాదు కాదు, మంత్రి.”

“గుర్రం. మూడుకి మూడూ తప్పే! కళ్ళు సరిగ్గా కనిపిస్తున్నాయా నీకు? తలకాయ నొప్పిగా ఉందా? డాక్టరు దగ్గరికి...”

“ఇటు తిరుగమ్మా.”

“ఏంటి?”

“నా వైపు తిరిగి కూర్చో.”

“నా మెడకీ నీ గుర్రానికీ ఏంటే సంబంధం?”

“ఉంది. చెప్తే తిట్టకూడదు.”

“తిట్టను. చెప్పు. తొందరగా చెప్పు.”

“నాకేమీ రాదమ్మా. ఓపెనింగులూ రావు, పజిల్సూ రావు. నీ ముఖం చదవడం వచ్చు, అంతే.”

“నా ముఖమా?”

“ఇంట్లో నేను చెయ్యి పావుల మీద ఊరికే తిప్పుతుంటాను కదా...”

“అవును, కూరగాయలు ఏరినట్టు.”

“తప్పుడు పావు మీదకి పోతే నువ్వు కింది పెదవి కొరుక్కుంటావు. సరైనదాని మీద ఆగితే వదిలేస్తావు. వదిలావా, అదే ఎత్తు. ఇక్కడ ఎవరున్నారు వదలడానికి? అవతలి పిల్ల ముఖం గోడలా ఉంటుంది. పైగా ముట్టుకున్న పావునే కదపాలి.”

“ఎప్పట్నుంచి ఇది?”

“మొదట్నుంచీ. రెండేళ్ళూ. నిన్నూ మోసం చేశాను, మాస్టార్నీ మోసం చేశాను. నువ్వేమో డ్యూటీలు మార్చుకుని, బస్సులు మారి... ఇంక నావల్ల కాదమ్మా. పద.”

“ఉండు.”

“తిట్టనన్నావు.”

“తిట్టట్లేదు. ఉండవే. జవాబు తెలిసి నేను పెదవి వదిలేదాన్నంటావా?”

“కార్డు నీ చేతిలోనే కదా ఉండేది. బొమ్మ కిందే రాసుంటుంది కదా.”

“రాసుంటుంది. దాని మీద నా బొటనవేలుంటుంది.”

“అంటే?”

“ముందే తెలిస్తే నా నోట్లో ఆగుతుందా? ఎక్కడ బయటికి అనేస్తానోనని భయం. పావులు పేర్చేటప్పుడు కూడా వేలు తియ్యను. నువ్వు చెప్పాకే తీసి చూస్తాను.”

“అబద్ధం.”

“నీ మీద ఒట్టు. వద్దు వద్దు, నీ మీద ఎందుకు, నా మీదే ఒట్టు.”

“మరి సరిగ్గా అప్పుడే ఎలా వదిలేదానివి?”

“నీ చెయ్యి తిరిగి తిరిగి ఒకచోట ఆగుతుంది చూడు, అప్పుడు ముడుచుకున్న నీ నుదురు విప్పుకుంటుంది. ఇది దొరికేసిందిలే అనుకుని నేనూ పెదవి వదిలి ఊపిరి పీల్చుకుంటాను. నాకు చెస్ ఏం తెలుసే పిచ్చిమొద్దూ, నేను చూసేది నీ ముఖమే!”