పలకమ్మకి నేర్పిన పని

ఎందుకెళ్లావు వదినా ఆ పిల్ల ఇంటి మీదకి? ఎవరు వెళ్లమన్నారు నిన్ను? వీధి వీధంతా బయటికొచ్చి చూసిందట. గట్టిగా నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషివి, నీకు అంత గొంతు ఎక్కణ్నుంచి వచ్చింది అసలు!

కూర్చోనులే. సరే, కూర్చుంటా. నీళ్లొద్దు. నువ్వా బఠాణీలు ఒలుచుకో, నా వైపు చూడక్కర్లేదు. చూడకపోతేనే నయం.

అన్నయ్య ఎన్నింటికొస్తాడు? ఐదింటికా? సరే. ఆలోపు చెప్పేసి వెళ్లిపోతా.

పొద్దున్నే పొడుగుపిల్ల మా ఇంటికొచ్చింది. రెండ్రోజులై లాండ్రీకి రావట్లేదు, తెలుసా? నోట్లో నాలుక లేని పిల్ల వదినా అది. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, నేనెవరికీ చెప్పలేదు, నువ్వైనా ఆవిడకి చెప్పక్కా" అని ఒకటే ఏడుపు. నువ్వు చెప్పలేదని నాకు తెలుసులేవే అన్నా. ఎలా తెలుసు అని అది అడగలేదు. అడిగుంటే ఏం చెప్పేదాన్నో.

ఆగు, మధ్యలో అందుకోకు. నీ దిండు గలీబుల్లో సగం అదే మడత పెడుతోందని మన ముగ్గురికే తెలుసు. నువ్వు చెప్పలేదు. నేను చెప్పను. ఇక మిగిలింది అదే. అంతేగా నువ్వనుకున్నది? నీ చోటు కోసం పైవాళ్ల చెవిన వేసి నిన్ను పనిలోంచి తీయించిందని, కన్నతల్లి ముందు దాన్ని అంతంత మాటలన్నావు.

నేను చెప్పనని ఎలా అనుకున్నావు వదినా?

ఒలుచుకో. ఆగకు. నువ్వు ఆగితే నాకు మాట రాదు.

ఆరేళ్ల కింద ఆ ఇస్త్రీ రోలరు నీ కుడి చెయ్యి పట్టుకుంది కదా. దుప్పటితో పాటు నీ రెండు వేళ్లూ లోపలికి పోయాయి. అది ఆగేలా మీట లాగింది నేనే. ఆ రెండు వేళ్లూ మళ్లీ వంగలేదు. అప్పటి పాత మేనేజరుగారు ఏమన్నారు? దీన్ని కాగితం మీద పెట్టొద్దమ్మా, ఆవిడ ఉన్నన్నాళ్లూ తేలిక పనే ఇద్దాం, నాదీ మాట అన్నారు. ఆయన మాట ఇచ్చాడు, మనం నమ్మాం. నిన్ను గలీబుల బల్ల దగ్గర వేశా. పక్కన పొడుగుపిల్లని వేశా, అదైతే నీ వాటా కూడా గాలిలా మడిచేస్తుందని. ఆరేళ్లు! హోటళ్లకి దుప్పట్లు అందలేదా? ఆసుపత్రి బండి ఒక్కరోజైనా ఆగిందా? ఎవడి సొమ్ము పోయింది చెప్పు?

ఇది ఎవరికీ తెలీదు. పాతాయన వెళ్లిపోయాడు, కొత్త యాజమాన్యం వచ్చింది, వాళ్లకీ తెలీదు.

వాళ్లు పలకలాంటి ఆ కంప్యూటరు తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు మీరంతా ఎంత నవ్వారు! పలకమ్మ అని పేరు పెట్టింది నువ్వేగా. మనిషిలా మాట్లాడుతుందే ఇది, దీనికో బొట్టు పెడదామా అన్నావు. నేనూ నవ్వాను.

తర్వాత మూడు వారాలు రోజూ అరగంట నన్ను అద్దాల గదిలో దాని ముందు కూర్చోబెట్టారు. లోపల ఏం చేస్తున్నావే అని నువ్వడిగితే ట్రైనింగ్ అన్నా. నాకే అనుకున్నా వదినా. ఒట్టు. దానికని తర్వాత తెలిసింది.

అబ్బ, ఎంత బాగా అడుగుతుందో తెలుసా! తొందర లేదు, విసుగు లేదు. "మీ జట్టుని మీరెలా నడుపుతారో చెప్తారా? మీ అనుభవం చాలామందికి పనికొస్తుంది" అంటుంది. తొమ్మిదేళ్లుగా ఇరవై రెండు మంది ఆడవాళ్లని లాక్కొస్తున్నా. ఎలా లాక్కొస్తున్నావమ్మా అని ఒక్కడంటే ఒక్కడు అడిగాడా? ఇంట్లో మా ఆయన అడిగాడా? నువ్వడిగావా? తప్పు పట్టట్లేదులే, మాటవరసకి.

అందుకని చెప్పాను. కట్ట తెగినట్టు చెప్పాను. లావక్కనీ నత్తి చెల్లెమ్మనీ ఒక బల్ల దగ్గర వేయకూడదు, పాత గొడవలున్నాయి అని. బండి దగ్గరుండే ఆవిడ పొద్దున తినకుండా వస్తుంది, పదకొండింటికి చెయ్యి ఆడదు, అప్పుడు తిట్టకూడదు, ఓ బిస్కెట్ చేతిలో పెట్టాలి అని. ఎవరి పిల్లకి ఉబ్బసం, ఎవరి మొగుడు తాగొస్తే మర్నాడు ఎవరు ఆలస్యం. అన్నీ. అదేమందో తెలుసా? "ఇదే నిజమైన నాయకత్వం" అంది.

నా మొహానికి నాయకత్వం! ఆరోజు ఇంటికెళ్లి అద్దంలో చూసుకున్నా వదినా. నవ్వకు. జుట్టు సర్దుకుని మరీ చూసుకున్నా.

ఇంకేముంది, పలకమ్మ పనిలోకి దిగింది. ఎవరు ఏ బల్ల దగ్గరో పొద్దున్నే గోడ మీద తెరలో వచ్చేస్తోంది. లావక్క ఒక చివర, నత్తి చెల్లెమ్మ ఇంకో చివర. అచ్చం నేను వేసినట్టే. సెలవు కావాలంటే నన్ను అడగడం మానేశారు, దాన్నే అడుగుతున్నారు. "మీ పాపకి ఆయాసం తగ్గిందా?" అని అదే పలకరిస్తోంది. ఆ పాప సంగతి చెప్పింది ఎవరు? నేను! ఆ తల్లి నా దగ్గరకొచ్చి ఏమందో తెలుసా? "అక్కా, అదెంత ఆప్యాయంగా అడుగుతోందో చూడు, నువ్వెప్పుడూ అరవడమే కదా" అంది. ఏమనాలి చెప్పు దాన్ని? అరికాలి మంట నెత్తికెక్కింది.

నీ సంగతా? వస్తున్నా. దానికోసమేగా ఇంత సేపూ చుట్టూ తిరుగుతున్నా.

ఒకరోజు అడిగింది, "మీ జట్టులో ఒకరికి కష్టం వస్తే మీరెలా సర్దుతారు? ఒక ఉదాహరణ చెప్తారా?" అని. నోరు జారిందని చెప్పుకుందామంటే అదీ కాదు వదినా. జారలేదు. గొప్పగా చెప్పాను. వెన్ను నిటారుగా పెట్టుకుని చెప్పాను. మా దగ్గర ఒకావిడకి చెయ్యి దెబ్బతింది, ఆరేళ్లుగా ఆవిడ పనిలో సగం పక్కపిల్ల చేస్తోంది, ఈరోజు వరకు ఎవరికీ తెలీకుండా నేనే నడిపిస్తున్నాను అని. ఎవరావిడ అంది. చెప్పాను.

ఇదీ సంగతి. పొడుగుపిల్ల కాదు. నేను.

ఆగు, లేవకు. ఇంకా ఉంది. కూర్చో వదినా, నీ కాళ్లు పట్టుకుంటా.

నువ్వు కావాలని చెప్పలేదు కదా అనబోతున్నావు. నాకు తెలుసు నువ్వు అంటావని. నువ్వు అలాంటిదానివే. మొన్న సోమవారం నేనే నిన్ను అద్దాల గదిలోకి పిలిచి తీసేశారని చెప్పినప్పుడు కూడా తిరిగి నన్నే ఓదార్చావు. నువ్వేం చేస్తావే పిచ్చిదానా అన్నావు. బయటికెళ్లి అందరితో, "మా ఆడపడుచు ఎంత మెత్తగా చెప్పిందో, నాకు ఏడుపు కూడా రాలేదు" అన్నావట. ఆ మాటలు నావి కావు వదినా. పలకమ్మ తెర మీద వచ్చాయి. ముందు నీళ్లివ్వండి అని ఉంది. మీ చేతుల మీదుగా ఎంతో పని జరిగింది అనండి అని ఉంది. ఆవిడ ఏడిస్తే ఆపకండి, కాసేపు మౌనంగా ఉండండి అని ఉంది. నేను చదివాను. నువ్వు నా చేతులు పట్టుకున్నావు.

నేనే మాట్లాడితే అంత బాగా వచ్చేది కాదు. ఏడ్చేసేదాన్ని. లేకపోతే నీ మీదే అరిచేదాన్ని.

నిజంగా చెప్పాల్సింది ఇంకోటుంది. ఇంతసేపూ చెప్పిందంతా ఒక ఎత్తు.

అంతకు ముందు శుక్రవారమే, తీసేయాల్సినవాళ్ల జాబితా పలకమ్మలో నా దగ్గరికి వచ్చింది. ముగ్గురి పేర్లు. మొదటి పేరు నీదే. కింద అంగీకరిస్తున్నాను అని ఒక మీట, దాని పైన ఒక ప్రశ్న. "వీరిలో ఎవరైనా మీకు బంధువులా?" అవునంటే ఆ పేరు పక్కన పెడతారట. పై ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి, పిలిచి మాట్లాడి, స్వయంగా చూసి తేలుస్తాడట. స్పష్టంగా రాసుంది వదినా. మనిషి చూస్తాడని.

మనిషి చూసుంటే నీ వేళ్లు చూసేవాడు. రోలరు సంగతి అడిగేవాడు. ఉంచేవాడో లేదో నాకు తెలీదు. అడిగేవాడు కదా, అది చాలు కదా.

కానీ అవునంటే ముందు అడిగేది నన్నే. మీ వదిన కాబట్టి ఆరేళ్లు దాచావా అని. నాలుగో పేరు నాదవుతుంది. మా ఆయన పని పోయి ఇంట్లో కూర్చుని ఎన్నాళ్లయిందో నీకు తెలుసు. నీకు తెలీనిదేముంది? మా అమ్మ పోయాక నాకు అన్నం కలిపి పెట్టింది నువ్వు. ఆ లాండ్రీలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, దీనికి చదువొచ్చండీ, దీన్ని పెద్ద పనిలో వేయండి అని బతిమాలింది నువ్వు.

పావుగంట కూర్చున్నా ఆ ప్రశ్న ముందు. హాల్లో అందరికీ తెలుసు మన చుట్టరికం. కాగితాల్లో మాత్రం ఎక్కడా లేదు, పెళ్లయ్యాక నా ఇంటిపేరు వేరు కదా. ఎవరూ చూడరు, ఎవరూ పోల్చరు. అంతా నా వేలు మీదే ఉంది.

కాదు అని నొక్కాను.

నువ్వు నాకు ఏమీ కావని నొక్కాను వదినా. "ధన్యవాదాలు" అంది పలకమ్మ. హమ్మయ్య అనిపించింది. అబద్ధం చెప్పను, బాధ తర్వాత వచ్చింది, ముందు వచ్చింది మాత్రం హమ్మయ్యే. ఆ పూట ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను.

ఏదో ఒకటి అనవేం? ఆ పిల్ల ఇంటి ముందు అన్ని తిట్లు తిట్టావే, ఒక్కటీ మిగల్లేదా నాకు?

సరే. అన్నయ్యకి నువ్వే చెప్పుకో, నా వల్ల కాదు. ఆ పిల్ల దగ్గరకి మాత్రం ఒక్కసారి వెళ్లు. నా పేరు చెప్పు, పర్లేదు. నేను లేస్తా. రేపు ఎనిమిదింటికి డ్యూటీ. వెళ్తాను వదినా. వెళ్లక ఏం చేస్తాను?