మా బావ తుడిచిన లేతు మిషను

ఏటిరా రాజేంద్రా, పేపర్లో తలకాయ దూర్చీసి అంతలా సూస్తన్నావు? నీలామీయా? టాక్సు కట్టలేదని ఎవడి కారో లాక్కొచ్చి వేలానికెట్టేరు, నువ్వెళ్ళి సవగ్గా కొట్టుకొచ్చీద్దామని. కొనుక్కోరా, నేనొద్దన్నానా? కాపోతే పాట అయ్యీదాకా దాన్ని ముట్టుకోకు. నవ్వకు. మా బావ పరబ్రహ్మం అలాగే సెడిపోనాడు. మా అక్క వరలక్ష్మమ్మ మొగుడు, నువ్వు పుట్టీసరికే లేడులే. పలాస మనిషి. ఇక్కడి ఉక్కు ప్లాంటులో టర్నరు, ఇనుముని గిర్రున తిప్పి సెక్కీ లేతు మిషను ముందే ముప్పైమూడేళ్ళు నిలబడ్డాడు. నాది స్టోరు, కుర్సీ పని, అది వేరే కత. ఆయనొక పిచ్చోడు బాబూ. షిఫ్టు అయ్యీసరికి మేమందరం సైకిళ్ళకాడికి పరిగెడితే, ఆయన గుడ్డ పట్టుకుని మిషను తుడుస్తా ఉండీవాడు. "రేపు మళ్ళీ మురికైపోద్ది గదా బావా" అంటే, "రేపు మళ్ళీ ఆకలేస్తది, ఈరోజు అన్నం మానీస్తావేటి?" అనీవాడు. ఆయనకాడ పని నేర్చుకున్నోళ్ళకీ అదే రూలు. తుడవందే గేటు దాటనిచ్చీవాడు కాదు.

తొంభైనాలుగులో రిటైరయ్యేడు. అందరూ ఇల్లు, తీర్థయాత్రలు అంటంటే, ఆయన కోరిక ఒక్కటే, సొంత లేతు. "సర్కారు మిషను మీద జీవితమంతా సేసేను గోపాలం, సచ్చీలోగా నాదని ఒక్కటుండాల" అని నాతో అన్నాడు. రిసాలిలో ఇంటెనకాల రేకులు దించి, సిమెంటు దిమ్మ పోయించి, బోల్టులు కూడా నిలబెట్టించేడు. మిషను లేదు, దిమ్మ ఉంది! మా అక్క ఊరుకుంటాదా? "ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఒకటే ఎకసెక్కం. సరిగ్గా అప్పుడే సుభాష్ సరుకు వేలానికొచ్చింది. సుభాష్ అంటే మా బావకాడ పని నేర్చుకున్నోడే, బయటికెళ్ళి పవర్‌హౌస్ అవతల సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పని బంగారం, కాయితమంటే భయం. సేల్స్ టాక్సోళ్ళు పంపిన కాయితాలన్నీ ఇప్పకుండా బిస్కట్ల డబ్బాలో పడీసీవాడు. పడీసి పడీసి కుర్కీ దాకా, అదే జప్తు దాకా తెచ్చుకున్నాడు. షెడ్డుకి సీలేసీసేరు. రెండు వానాకాలాలు వాడి లేతు లోపలే మూలిగింది. దాన్నమ్మినా బాకీ తీరకపోతే కోహ్కాలో వాడుంటన్న ఇల్లు కూడా వేలమేనని సెప్పీసేరు.

మనోళ్ళకి వేలం సరుకంటే భయం గదా, పోగొట్టుకున్నోడి ఉసురు తగుల్తాదని. మా బావ తిన్నగా కోహ్కా ఎళ్ళి, నీ లేతు నేను పాడుకోనా అని వాడినే అడిగేడు. ఎవడైనా అడుగుతాడేటి అలా? వాడి పెళ్ళాం సుచిత్ర లోపలికెళ్ళిపోయింది. వాడు మాత్రం, "మీరే తీసుకోండి గురూజీ. తుక్కు కొనీ కబాడీవాడు కొంటే ముక్కలు సేసి కాటాకేసీస్తాడు" అన్నాడు. నిజంగానే అన్నాడు, నేనక్కడే కూకున్నాను.

పాటకి ముందురోజు సరుకు సూసుకోమని సీలు ఇప్పేరు. కబాడీవాళ్ళు ఒచ్చి సూసి, తుప్పుముద్ద, దీనికి తొమ్మిది వేలిచ్చినా దండగే అనుకుంటా ఎళ్ళిపోయేరు. మా బావ కాడ పద్దెనిమిదున్నాయి. నాకు లోపల్లోపల సంబరం. అక్కడి గుమాస్తా మా బొబ్బిలి పక్కోడని తేలితే, ఆడితో టీ తాగడానికెళ్ళి కబుర్లలో పడ్డాను, నా సంగతి నీకు తెలుసుగదా. తిరిగొచ్చి సూద్దును గదా, మా బావ సొక్కా ఇప్పీసి బనీను మీదున్నాడు. పక్కన కిరసనాయిలు సీసా. తుప్పంతా గోకీసి, తుడిచీసి, బిగుసుకుపోయిన పిడులన్నీ ఇప్పీసి, ఆయిలు పోసి, లేతుని పెళ్ళికూతుర్లా సేసీసేడు. కాపలావాడు "కర్నే దో, బుజుర్గ్ హై", పెద్దాయన గదా సెయ్యనీ అని నవ్వుతన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "బావా, గేదె నీళ్ళలో ఉండగానే బేరం ఆడుకోవాల గానీ, ఒడ్డుకి తోలుకొచ్చి, కడిగి, కొమ్ములకి నూనె రాసి ఊరందరికీ సూపిస్తారేటి?" అన్నాను. మిషనుకేసి ఒకసారి, నాకేసి ఒకసారి సూసేడు. "అయ్యో" అన్నాడు. అంతే. అప్పటిదాకా ఆ ముక్క తట్టనే లేదు మనిషికి.

మర్నాడు రాజ్‌నంద్‌గావ్ నుంచి ఒక వర్క్‌షాపాయన డ్రిల్లింగు మిషను కోసమని ఒచ్చేడు. ఊరికే ఒక్క వేలెట్టి లేతు పిడి తిప్పేడు. వెన్నలా జరిగింది. ఇంకేటుంది, డ్రిల్లింగు మర్చిపోయేడు. పది, పన్నెండు, పదిహేను... మా బావ పద్దెనిమిదన్నాడు. ఆయన పంతొమ్మిదన్నాడు. మా బావ సెయ్యి మళ్ళీ లెగిసింది. బేంకులో ఇంకా ఉన్నాయిరా, కానీ అవి మా అక్క ఆపరేషనుకి దాసినవి. నేనే ఆ సెయ్యి పట్టుకుని కిందికి దించేను. తప్పు సేసేనో ఒప్పు సేసేనో ఇప్పటికీ తెలీదు. ఇంకో ఇద్దరు పోటీకొచ్చి ఇరవయ్యేడుకి పోయింది లేతు. సుభాష్ బాకీ తీరిపోయింది, ఇల్లు దక్కింది, పైన కొంత సేతికి కూడా ఒచ్చింది. లారీ ఎక్కిస్తంటే మా బావ దగ్గరుండి, "తాడు అక్కడ కట్టకండి, ఒరుసుకుపోద్ది" అని కూలీలకి సెప్తన్నాడు. నాకా కళ్ళంట నీళ్ళొచ్చీసేయి.

సాయంత్రం సుభాష్, సుచిత్ర మిఠాయి పొట్లంతో రిసాలి ఒచ్చేరు. "మా ఇల్లు నిలబెట్టడానికి మీ మిషను ఒదులుకున్నారు గురూజీ" అని వాడు కాళ్ళ మీద పడిపోయేడు. మా అక్క మురిసిపోతంది. ఔనని తలూపితే ఏటి పోయిందిరా? వీధి వీధంతా దేవుడనుకున్ను. ఊపలేదు. "లెగరా. నీ కోసం కాదు. నాకే కావాల. ఎంత కావాలో నీకు తెలీదు" అన్నాడు. సుచిత్ర మొహం పాలిపోయింది. సుభాష్ మెల్లగా లెగిసి, "మరెందుకు తుడిచేరు గురూజీ?" అన్నాడు. మా బావ ఎనకాల ఖాళీ దిమ్మకేసి ఓసారి సూసేడు. ఆనక, "పైన తుప్పేగానీ, లోపల గీత లేదురా. ఇన్నేళ్ళూ రోజూ తుడిచే ఉంచేవు, నేను సెప్పినట్టే. అది సూసేక అలా ఒదిలీసి ఎలా ఒచ్చీమంటావు?" అన్నాడు.

వాడు గోడకేసి తిరిగిపోయేడు. నేను... సాల్లేరా. పేపరు మడిసెట్టీ, లైటు పోయేటట్టుంది.