వెనక స్ప్రింగు లేని సైకిలు

అక్కుపల్లి నుంచి వచ్చి చేపలమ్మే ఆమె, కొత్త గేర్ల సైకిలు తోసుకుంటూ కాశీబుగ్గలో సైకిల్ మెకానిక్ దగ్గరకి వచ్చింది. వెనక క్యారియర్ బిగించమంది. అతనికి ఆ పని నచ్చలేదు.

“క్యారియరేత్తే దీని అందం పోతాదప్పా. మీ తమ్ముడు ఊరుకుంటాడేటి?”

“తమ్ముడిది కాదు, నాదే. సేపల తట్ట కట్టుకోవాల.”

“తట్టకా! రేటు తక్కువని ఇది కొనీసినావు గానీ, ఎనక కూడా స్ప్రింగున్నది తీసుకుంటే మెత్తగా ఉండును.”

“బరువెడితే ఆ స్ప్రింగు కుంగి తట్ట ఊగిపోదా? దీనికి ముందరే స్ప్రింగు. ఇసక దారిలో నా సేతులదరవు, ఎనక తట్ట కదల్దు. సూసే కొన్నాను.”

ఇన్నేళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నా అతనికి ఆ ఆలోచన రాలేదు. పానా అందుకున్నాడు.

“తొక్కడం ఎక్కడ నేర్సినావు?”

“సముద్రం ఎనక్కి తగ్గినప్పుడు, తడి ఇసకలో. పడితే లేసినాను.”

“బస్సుండగా ఎందుకొచ్చిన బాధ?”

“కంపు కొడతన్నానని పోయిన్నెల కండట్రు నడిదారిలో దింపీసినాడు. నడిసొచ్చేసరికి సేపలన్నీ మెత్తబడిపోనాయి.”

అతను క్యారియర్‌కి మరో రెండు బోల్టులు ఎక్కువే వేశాడు.

“ఇంకేటి కావాలప్పా?”

“గంట. నీ షాపులో అన్నిటికన్నా గట్టిగా మోగేది. ఊరూరా ఆగే ఆ బస్సుని నాను దాటెల్తన్నప్పుడు కండట్రుకి ఇనబడాల.”