ఐదువందల మంది ఉంటేనే

జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చిన టీచరు గడప పక్కనే కూర్చుంది.

"ఇంట్లో ఎంతమంది పెద్దమ్మా?"

"నలుగురం. నేను, ఉన్నా లేనట్టుండే మా ఆయన, కొడుకు, కోడలు."

"కోడలు పోయిన నెలేగా..." టీచరు రాస్తున్న పెన్ను ఆపింది.

"తెలుసులేమ్మా. నొప్పులొస్తే మంచం మీద మోసుకెళ్లారు. మెయిన్ రోడ్డు చేరేలోపే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కకుండా పోయారు. అయినా దాని పేరు రాసుకో. ఐదువందల మంది ఉంటేనే ఊళ్లోకి బస్సు వేస్తారన్నావుగా? పక్కింటి పిల్లకి ఇప్పుడు ఏడో నెల."

"బతికున్నవాళ్లనే రాయాలి పెద్దమ్మా."

"ఇంతకీ ఎంతమందిమి తేలాం?"

"మీ ఇల్లే ఆఖరు. మీ ముగ్గురితో కలిపి నాలుగువందల తొంభై ఎనిమిది."

ముసలామె వేళ్లు మడిచి చూసుకుంది.

"అంటే... మావాళ్లిద్దరూ ఉండుంటే బస్సు వచ్చేదన్నమాట."