పాలు పడని ఒళ్ళు

హలో… నేనేనే. ఇంకెవరనుకున్నావు…

పెట్టెయ్యకు. పక్క మంచం ఆయన్ని అడిగి తీసుకున్నాను ఈ ఫోను. నా నంబరు చూస్తే నువ్వు ఎత్తడం లేదుగా మరి.

…

ఆ, బాగానే ఉన్నాను. గొంతు ఇలాగే ఉంటుందిలే కొన్నాళ్ళు. గొట్టం వేసి తీశారు కదా, బొంగురుపోయింది.

…

పెదాలా? వాపు దిగింది. అద్దంలో చూసుకున్నాను. నా పాత మూతే. ఏం చేస్తాం, మళ్ళీ అదే వచ్చింది.

…

నవ్వొచ్చు నువ్వు. నవ్వితే ఎవరూ కేసు పెట్టరు.

…

తిన్నాను. అమ్మాయి తెస్తోంది. అమ్మ ఏదే అని అడిగితే, దుకాణంలో పరుపుల పని ఎక్కువగా ఉందంటుంది, నేల చూపులు చూస్తూ. దానికి అబద్ధమాడటం రాదు. నీ పోలికే.

…

పని ఉందా నిజంగానే? సరే. మరి దూది ఎవరు ఏకుతున్నారు?

…

నువ్వేనా… మూతికి గుడ్డ కట్టుకుంటున్నావా? కట్టుకోవే తల్లీ. దూది మన కడుపు ఒక్కటే నింపుతోందనుకున్నాం. నా ఛాతీ కూడా నింపేసింది. నువ్వన్నా జాగ్రత్తగా…

ఉండు… ఉండు…

ఆ. ఏం లేదు, దగ్గే. పాత దగ్గు. కంగారుపడకు.

…

విను. ఒక్క మాట చెప్పాలి. వినేశాక పెట్టేసుకో, నేనేమీ అనుకోను.

డాక్టరు మళ్ళీ వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు ఈసారి. చిన్నప్పట్నుంచీ ఒంటికి పడనిది ఏదన్నా ఉందా అని అడిగాడు. పాలు పడవన్నాను. చుక్క లోపలికి పోతే దద్దుర్లు లేచి గొంతు పట్టేస్తుందని చెప్పాను. ఆయనేమో, ఈ మాట ముందే చెప్పాల్సిందయ్యా అన్నాడు. తనూ అడగాల్సిందన్నాడు, పాపం. ఊపిరి కోసం వచ్చినవాణ్ణి, పాల ఊసు నేనెందుకు ఎత్తుతాను?

…

అదే చెబుతున్నా. ఆ కొత్త ఇన్‌హేలర్ ఉంది చూడు, క్యాప్సూల్ పెట్టి పొడి పీల్చేది. ఆ పొడిలో మందు రవ్వంతేనట. మిగతాదంతా పాలలోంచి తీసిన చక్కెరట. మందు లోపలిదాకా చేరడానికి కలుపుతారట. ఎక్కడో రవ్వ పాల గుణం అందులో మిగిలిపోతుందట. మామూలు వాళ్ళకి ఏమీ కాదు. నాలాంటి ఒంటికే.

…

అవును. పాలే.

…

అన్నాను, తియ్యగా ఉందని. మందు తియ్యగా ఉందని ఇద్దరం సంబరపడ్డాం కూడా. మీ అమ్మ గ్లాసెడు పాలిస్తే తాగనన్నానని, అల్లుడికి పొగరని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆవిడ ఉంటే ఇప్పుడు చూపించేవాణ్ణి, ఇదీ నా పొగరని.

…

దురదలా… అది ఎవరికి తడుతుంది చెప్పు. పెళ్ళైన దగ్గర్నుంచీ దూదిలో బతుకుతున్నాం. ఒళ్ళు దురద పెడితే దూది దురదే అనుకుంటాం. దులుపుకుని నీళ్ళు పోసుకుంటాం. అంతేగా మనం చేసేది? ఆయాసం పెరిగితే జబ్బు ముదిరిందనుకుంటాం, ఇంకో క్యాప్సూల్ పెడతాం. నీ చోట నేనున్నా అదే చేసేవాణ్ణి.

…

లేదు. ఆ సాయంత్రం నేనే పెట్టమన్నాను నిన్ను. చేత్తో సైగ చేశాను.

…

నీ చెయ్యి తోసేశానా? ఛ. ఊపిరాడనివాడి చేతులు ఊరికే ఉంటాయా, అటూ ఇటూ కొట్టుకుంటాయి. దాన్ని పట్టుకుని కూర్చున్నావా నువ్వు ఇన్నాళ్ళూ?

…

సరే, ఆ సంగతి వదిలెయ్. రేపు పంపించేస్తారు నన్ను. వేరే మందు ఇచ్చారు, స్ప్రే. ఇందులో పాలూ లేవు, చక్కెరా లేదు, డాక్టరు రెండుసార్లు చూసి మరీ ఇచ్చాడు. ఇంకో సూది ఉంది, మళ్ళీ ఎప్పుడైనా గొంతు పడితే తొడకి పొడవాలి. ఇంట్లో ఒకరు నేర్చుకోవాలట. అమ్మాయి నేర్చుకుంటానంది. తన ఇంటికే తీసుకెళ్తానంటోంది.

…

నువ్వే చెప్పావా దానికి. తీసుకెళ్ళమని.

…

నేను పోను. మన ముందు గదిలో దూది ఉంటే వెనక గదిలో పడుకుంటాను. నీ దూది ఏకే మిషను చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదని నీకు తెలీదా.

— ఒక్క నిమిషం, నర్సమ్మా. ఇంటావిడతో మాట్లాడుతున్నాను. ఆ, వచ్చేస్తుంది, చూడండి. —

ఏమే, నర్సమ్మ మందు ఇవ్వడానికి వచ్చింది. నువ్వొస్తే నీ చేతే ఇప్పిస్తుందట. నొక్కడం, పీల్చడం, అంతే. కష్టమేం కాదు. చీర కూడా మార్చుకోకు, దూదితోనే రా. గుమ్మం దగ్గర దులుపుకుందువుగాని.

…

నువ్వు పట్టుకుంటే చాలు. నేనే మూతి దగ్గరికి తెస్తాను.

…

మళ్ళీ అదే అడుగుతావు.

…

ఒట్టెందుకే. అన్నిటికీ ఒట్లేనా…

…

…

తోశాను.

…

రెండుసార్లు. అవును. లోపలికి పోతున్నకొద్దీ గొంతు మూసుకుపోతోంది. నాకు తెలుస్తోంది, నీకు చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు నా తల నీ గుండెకి అదిమిపెట్టుకుని పట్టుకున్నావు. పీల్చండి, పీల్చండి అంటున్నావు. బతికించాలనే కదే పట్టుకున్నావు. నాకు తెలీదా అది? నేనేమన్నా అన్నానా నిన్ను?

…

ఉన్నావా?

…

నీ ఊపిరి వినిపిస్తోంది. ఏడిస్తే ఏడువు. ఫోను మాత్రం…

హలో.

హలో…

— లేదమ్మా. పెట్టేసింది.

…

రాదు.

…

ఆయన ఫోను ఆయనకిచ్చెయ్యండి. మందు మీరే ఇవ్వండి, నర్సమ్మా.