తన పద్ధతినే ఓడించిన పరిశోధన

1989 జూలై మూడవ తేదీన విన్నిపెగ్‌లోని మన పిల్లల ఆసుపత్రిలో మత్తు వైద్యురాలిగా అడుగుపెట్టిన డాక్టర్ ఒరీసియా మెల్నిక్ గారు, ముప్పై అయిదేళ్ల సేవానంతరం ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు.

మూత్రనాళ శస్త్రచికిత్సలకు వచ్చే పసివారికి వెన్ను అడుగున ఇచ్చే కాడల్ సూదిలో వారి నైపుణ్యం నిరుపమానం. వేలికొసతో చోటు గుర్తించి, ఒక్క ప్రయత్నంలో మందు దింపేవారు. ఆ విద్యను ఎందరో శిష్యులకు నేర్పి, 2003లో విభాగాధిపత్యాన్ని స్వీకరించారు.

ఈ కింది సంగతులు రాయవలసిందేనని వారే పట్టుబట్టారు.

2009లో సహచరులు డాక్టర్ గ్రాంట్ థీసెన్ గారు, అల్ట్రాసౌండ్ తెరపై చూస్తూ కటి భాగంలో ఇరుపక్కలా నరాల చెంత మందు పెడితే నొప్పి నుంచి ఉపశమనం ఎక్కువసేపు నిలవవచ్చనీ, రెండు పద్ధతులనూ పోల్చి చూద్దామనీ ప్రతిపాదించారు.

"ఇరవై ఏళ్లుగా నా చేతి కింద ఏ పిల్లాడూ ఏడుస్తూ లేవలేదు గ్రాంట్. ఇంకా పోల్చేదేముంది?" అన్నారు మెల్నిక్ గారు.

ఆయన మరి రెండుమార్లు అడిగి, మూడో ఏట రెజైనాకు వెళ్లిపోయారు.

2014లో ఒకనాటి సాయంత్రం, ఒక నర్సు వీడ్కోలు కేకు కోసం మెల్నిక్ గారు వార్డుకు వెళ్లారు. పొద్దున తామే మత్తిచ్చిన అయిదేళ్ల డెస్మండ్ మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. వారిని చూసి, "నొప్పి రాదన్నావుగా" అన్నాడు. ఆ గొంతులో కోపమైనా లేదు.

మందు తెప్పించి, వాడు నిద్రపోయేదాకా పక్కనే కూర్చున్నారు. తర్వాత నర్సు బెర్నీస్ గారిని అడిగితే, "సాయంత్రమయ్యేసరికి చాలామంది ఇంతే మేడమ్. సూది మందు ప్రభావం పోతుంది. అప్పటికి మీరు ఇంటికెళ్లిపోతారు" అన్నారు.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

ఆ మరుసటి నెలే పరిశోధనకు పూనుకున్నారు. ఎనభై ఆరుగురు పిల్లలను చీట్లు వేసి రెండు వర్గాలు చేశారు. ఎవరికి ఏ సూది పడిందో తెలియని నర్సులే ఒక పగలూ రాత్రీ వారి నొప్పిని నమోదు చేశారు. కాడల్ వర్గంలో అత్యధికులకు ఆ సాయంత్రమే మళ్లీ మందు కావలసి వచ్చింది. థీసెన్ గారు చెప్పిన సూది పడ్డ రెండో వర్గంలో సగానికి పైగా పిల్లలు తెల్లవారేదాకా అడగలేదు.

ఈ ఫలితాలు ప్రచురించే వ్యాసంలో మొదటి పేరు ఆయనదే ఉండాలని ఆమె థీసెన్ గారికి ఫోన్ చేశారు. "నా పేరొద్దు ఒరీసియా. పేరు పెడితే ఈ అయిదేళ్లూ నొప్పిపడ్డ పిల్లలకు ఏమొస్తుంది?" అన్నారు ఆయన.

యాభై తొమ్మిదో ఏట, తమ శిష్యుల దగ్గరే నిలబడి ఆమె కొత్త పద్ధతి నేర్చుకున్నారు. ఆ చేతికి పాత ఒడుపు ఎన్నడూ రాలేదు.

పోల్చి చూడక గడిచిన ఆ అయిదేళ్ల భారం దించుకోమని వారికి చెప్పే అర్హత మాకు లేదు. సాయంత్రం వార్డుకు వెళ్లి చూడనివారిలో మేమందరమూ ఉన్నాము. భర్త బోడాన్ గారితో కలిసి, గిమ్లీ ఊళ్లో సరస్సు ఒడ్డున వారు చేసే నడకలు ఏళ్ల తరబడి సాగాలనీ, ఆరోగ్యం వారిని వీడకూడదనీ, సంధ్యవేళలు వారికి శాంతినివ్వాలనీ మనసారా కోరుకుంటున్నాము.